పూల గౌనుకు ఐదు పౌండ్ల జరిమానా: 18వ శతాబ్దపు బ్రిటన్ బట్టల్లో దాగిన కథ

1722 క్రిస్మస్ రోజు నుంచి ఇంగ్లండ్‌లో ఒక కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. రంగుల అద్దకం ఉన్న నూలు బట్ట ఎవరైనా కట్టుకుని కనిపిస్తే 5 పౌండ్ల జరిమానా. అమ్మితే 20 పౌండ్లు. దుప్పటిగానో, కుర్చీ మీద గుడ్డగానో ఇంట్లో వాడుకున్నా నేరమే. కట్టుకున్నవాళ్ళ దగ్గర వసూలు చేసిన 5 పౌండ్లు పట్టిచ్చినవాడికే దక్కేవి. ఆ రోజుల్లో లండన్ ఇళ్ళలో పనిచేసే అమ్మాయికి తిండి, బస కాకుండా ఏడాదికి వచ్చే జీతం 5 నుంచి 8 పౌండ్లు. పూల గౌను వేసుకుని బజారుకెళ్ళి ఎవరి కంట్లోనైనా పడితే ఏడాది కష్టం గంగపాలైనట్టే.

18వ శతాబ్దపు బ్రిటన్ అనగానే మనకు సినిమాల్లో, వెబ్ సిరీస్‌లలో చూసిన పట్టు గౌన్లు, పౌడరు కొట్టిన విగ్గులు, కొవ్వొత్తుల వెలుగులో నాట్యాలు గుర్తొస్తాయి. అవన్నీ అబద్ధం కాదు. కానీ ఆ సమాజాన్ని నిజంగా ఊపేసింది పట్టు కాదు, నూలు. అందులోనూ మన తీరం నుంచి వెళ్ళిన నూలు. ఒక బట్ట మీద అంత పెద్ద దేశానికి అంత భయం ఎందుకు పట్టుకుందో తెలిస్తే ఆ కాలపు ఫ్యాషన్, రోజువారీ బతుకు, చిత్రకళ మూడూ ఒకదాంతో ఒకటి ఎలా ముడిపడి ఉన్నాయో తెలుస్తుంది.

ముందు ఒక అపోహ తీసేయాలి. ఈ చట్టం బీదవాళ్ళు గొప్పవాళ్ళలా తయారవకుండా ఆపడానికి చేసింది కాదు. ఏ హోదా వాళ్ళు ఏ బట్ట కట్టాలో చెప్పే పాత చట్టాలను ఇంగ్లండ్ 1604లోనే రద్దు చేసింది. డబ్బుంటే ఎవరేమైనా కట్టుకోవచ్చు. పనిమనిషి ఎవరో, ఇంటి యజమానురాలు ఎవరో పోల్చుకోలేకపోతున్నామని పెద్దమనుషులు గొణుక్కునేవాళ్ళు. వాళ్ళు చేయగలిగింది అంతవరకే. 1722లో అమల్లోకి వచ్చిన ఈ చట్టం వెనుక ఉన్నది ఉన్ని, పట్టు వ్యాపారాల గోల. ఉన్ని ఇంగ్లండ్‌కు ప్రాణం లాంటిది. దాన్ని కాపాడుకోవడానికి శవాలను కూడా వదల్లేదు. 1660లు, 70లలో చేసిన చట్టాల ప్రకారం చనిపోయినవాళ్ళను ఉన్ని బట్టలోనే పూడ్చిపెట్టాలి, లేకపోతే అక్కడా 5 పౌండ్ల జరిమానానే.

మరి నూలు బట్టలో అంత ఏముంది? అప్పటి ఇంగ్లండ్‌లో సామాన్య స్త్రీ ఒంటి మీద ఏముండేదో చూద్దాం. లోపల నార బట్టతో కుట్టిన పొడుగు చొక్కా. దాని మీద నడుముని, ఛాతీని బిగించే స్టేస్, తర్వాత లంగా, ముందు తెరుచుకునే గౌను, భుజాల మీద రుమాలు, ఏప్రన్. బొత్తాలు తక్కువ, అంతా గుండుసూదులతో, తాళ్ళతో నిలబెట్టుకోవాల్సిందే. లోపలి చొక్కాను ఉతికేవాళ్ళు, పైన వేసుకునేదాన్ని మాత్రం ఉతకడం కష్టం. ఉన్ని బరువు. పట్టును నీళ్ళలో ముంచితే మెరుపు పోతుంది. నార బట్ట మీద యూరప్‌లో వేసే అచ్చుల రంగులు నాలుగు ఉతుకులకే వెలిసిపోయేవి. అలాంటి చోటికి తేలికగా, మెత్తగా, తెల్లటి నేల మీద ఎర్రటి పూలతో, ఎన్నిసార్లు ఉతికినా రంగు పోని బట్ట ఓడలో దిగింది. దాని ధర పట్టులో ఎన్నో వంతు.

ఆ రంగు రహస్యం కోరమాండల్ తీరంలో ఉంది. ఆ తీరంలో పేరు మోసిన రేవు మన మచిలీపట్నం, ఈస్టిండియా కంపెనీ అక్కడ 1611లోనే కొట్టు తెరిచింది. బట్టను ముందు కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టాలి. ఇనుప ముక్కలను బెల్లం నీళ్ళలో పులియబెట్టిన ద్రవంతో కలం పట్టి నల్ల గీతలు గీయాలి. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్ళు పూయాలి. తర్వాత బట్ట మొత్తాన్ని చిరివేరు వేసిన నీళ్ళలో కాగబెడితే పటిక తగిలిన చోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది, మిగతా చోట ఉతికి ఎండబెడితే పోతుంది. నీలం కోసం మళ్ళీ ఇంకో తంతు: నీలం అక్కర్లేని చోటల్లా మైనం కప్పి బట్టను నీలిమందు తొట్టిలో ముంచాలి. వారాల పని ఇది. ఎరుపు పోకపోవడానికి కారణం రంగు బట్ట పైన కూర్చోకపోవడం. పటికతో కలిసి నూలు పోగులోనే అది బిగుసుకుపోతుంది. యూరప్ రంగులవాళ్ళకు ఇది చాలాకాలం అంతుపట్టలేదు.

దాన్ని తెలుసుకుని రాసి పంపినవాళ్ళలో ఒకాయన గురించి తెలుగువాళ్ళు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. పాండిచ్చేరి వైపు పనిచేసిన ఫ్రెంచి జెస్యూట్ (క్రైస్తవ మతప్రచారక సంఘం) ఫాదర్ కేర్డూ 1742లో ఒక లేఖలో ఈ అద్దకం పద్ధతినంతా వరసగా వివరించాడు. పనివాళ్ళనే అడిగి తెలుసుకున్నాడు. అది యూరప్‌లో అచ్చయి చాలామంది చేతుల్లో పడింది. తెలుగు, ఫ్రెంచి, సంస్కృతం మూడు భాషల నిఘంటువు తయారుచేసినవాడు కూడా ఆయనే. మన భాషకు అంత సేవ చేసిన మనిషే మన చేతిపని గుట్టును సముద్రం దాటించాడు. ఆయన్ని మెచ్చుకోవాలో తిట్టాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

డిజైన్ల విషయంలో కూడా ఇది ఒకవైపు నుంచే నడిచిన వ్యవహారం కాదు. మన వాళ్ళు ఎర్రటి నేల మీద పూలు వేసేవాళ్ళు. మాకు తెల్లటి నేల కావాలి, పూలు, కొమ్మలు రంగుల్లో ఉండాలి అని లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లు 17వ శతాబ్దంలోనే రాసి పంపారు. ఇప్పుడు మ్యూజియంలలో ‘భారతీయ’ కళగా కనిపించే ఆ పూలచెట్టు దుప్పట్లు చాలావరకు ఈ ఉత్తర ప్రత్యుత్తరాల్లోంచి పుట్టినవే.

ఈ బట్ట తాకిడికి ముందుగా నలిగింది లండన్ తూర్పున స్పిటల్‌ఫీల్డ్స్ నేత పనివాళ్ళు. 1685లో ఫ్రాన్స్ రాజు ప్రొటెస్టెంట్ల హక్కులు తీసేశాక పారిపోయి వచ్చిన హ్యూగెనో కుటుంబాలు అక్కడ పట్టు మగ్గాలు పెట్టుకున్నాయి. నూలు వచ్చాక పట్టు, ఉన్ని కలనేత బట్టలకు గిరాకీ పడిపోయింది. మొదటి చట్టం 1700లోనే వచ్చింది. రంగులద్దిన విదేశీ నూలు బట్టను ఇంగ్లండ్‌లో కట్టుకోవడానికి దిగుమతి చేయకూడదంది. తెల్ల బట్టను మాత్రం వదిలేసింది. దాంతో లండన్ వ్యాపారులు తెల్ల బట్ట తెప్పించుకుని అక్కడే అచ్చులు వేయడం మొదలుపెట్టారు. నేతగాళ్ళ పొట్టకు మళ్ళీ దెబ్బ.

1719 జూన్‌లో వాళ్ళు రోడ్డెక్కారు. నూలు గౌను వేసుకున్న ఆడవాళ్ళు కనిపిస్తే వెంటపడి ఒంటి మీదే చింపేశారు. సిరా చల్లారు, కొందరు యాసిడ్ కూడా చల్లారు. ‘రాబిన్సన్ క్రూసో’ రాసిన డానియెల్ డెఫో నేతగాళ్ళ తరఫున పత్రికే నడిపాడు. ఈ నూలు ఇళ్ళలోకి, పడక గదుల్లోకి, తెరల్లోకి, దిండ్లలోకి, చివరికి పరుపుల్లోకి పాకిపోయిందని అంతకు పదేళ్ళ ముందే వాపోయినవాడాయన. పని పోయినవాడి కోపం నాకు అర్థమవుతుంది. చేనేత మగ్గాలు మూతపడటం చూసినవాళ్ళం మనం. కానీ ఆ కోపం కంపెనీ గోదాముల మీదకు కాక వీధిలో నడిచే ఆడవాళ్ళ మీదకు మళ్ళింది. పార్లమెంటు కూడా అదే దారి పట్టింది. 1721లో చట్టం చేసి తప్పంతా కట్టుకునేవాళ్ళ నెత్తిన పెట్టింది.

కంపెనీకి మాత్రం పెద్ద నష్టం రాలేదు. దిగుమతి చేసి తిరిగి బయటి దేశాలకు ఎగుమతి చేయడానికి అడ్డులేదు. ఆఫ్రికా పశ్చిమ తీరంలో మనుషుల్ని కొనడానికి బ్రిటిష్ వర్తకులు ఇచ్చిన సరుకుల్లో భారతీయ నూలు బట్టలది పెద్ద వాటా. లండన్‌లో కడితే నేరమైన బట్ట అక్కడ మనిషికి వెల అయింది. చిన్న చిన్న సందులు దేశంలోనూ ఉన్నాయి: మస్లిన్‌కు మినహాయింపు, మొత్తం నీలం వేసిన బట్టకు మినహాయింపు. నార పడుగు, నూలు పేక కలిపి నేసిన మాంచెస్టర్ బట్ట మీద అచ్చులు వేసుకోవచ్చని 1736లో ఇంకో చట్టం. దొంగ సరుకు సరేసరి.

ఇంతకీ చట్టం ఇలా ఉంటే సామాన్యులు నిజంగా ఏం కట్టుకున్నారు? ఇక్కడే చరిత్రకారులకు పెద్ద చిక్కు. మ్యూజియంలో మిగిలేవి రాణివాసపు బట్టలు, 1740లలో ఆస్థానానికి వేసుకెళ్ళిన, తలుపులో పక్కకు తిరిగి తప్ప పట్టని వెడల్పాటి గౌన్ల లాంటివి. బీదవాళ్ళ బట్ట మిగలదు. అమ్మగారి పాత గౌను పనిమనిషికి వస్తుంది, అక్కణ్ణుంచి లండన్ టవర్ దగ్గరి రాగ్ ఫెయిర్ పాతబట్టల సంతకు పోతుంది, కుదవకు వెళ్తుంది, పిల్లల గౌనవుతుంది, చివరికి గుడ్డపేలికై కాగితం మిల్లుకు చేరుతుంది. బట్ట అంటే అప్పట్లో చేతిలో డబ్బే. అందుకే దొంగతనాల్లో బట్టలవే ఎక్కువగా కనిపిస్తాయి. ఇంట్లోంచి 40 షిల్లింగులు (అంటే 2 పౌండ్లు), అంతకు మించి విలువైన వస్తువు దొంగిలిస్తే ఉరిశిక్ష పడే కాలమది. ఎంత మంచి గౌనైనా సరే, దొంగిలించిన సొత్తు విలువ 39 షిల్లింగులే అని లెక్కగట్టి ప్రాణం కాపాడిన జ్యూరీలున్నాయి.

బీదవాళ్ళ బట్ట ఒక్కచోట మాత్రం కుప్పగా మిగిలింది. అది ఫౌండ్లింగ్ హాస్పిటల్. పేరుకు హాస్పిటల్, నిజానికి పెంచలేని తల్లులు వదిలిన పసిపిల్లల ఆశ్రమం. థామస్ కోరమ్ అనే ఓడ కెప్టెన్ ఏళ్ళ తరబడి తిరిగి 1739లో రాజు అనుమతి సంపాదించాడు, 1741 మార్చి 25 రాత్రి హాటన్ గార్డెన్‌లో మొదటి పిల్లలను తీసుకున్నారు. తల్లి పేరు అడిగేవాళ్ళు కాదు. బిడ్డకు కొత్త పేరు పెట్టేవాళ్ళు. రేపెప్పుడైనా తల్లి తిరిగొస్తే గుర్తుపట్టడానికి ఒక ఆనవాలు కావాలి. చాలామందికి రాయడం రాదు. అందుకని బిడ్డ బట్టలోంచో, తల్లి గౌనులోంచో చిన్న ముక్క కత్తిరించి చేర్పు కాగితానికి గుండుసూదితో గుచ్చేవాళ్ళు. ఆ కాగితాలను పెద్ద పుస్తకాలుగా కుట్టి మూసేశారు. వెలుతురు తగల్లేదు కాబట్టి రంగులు ఇవాళ్టికీ తాజాగా ఉన్నాయి. అలాంటి గుడ్డముక్కలు 5,000కు పైగా.

నిషేధం నడుస్తున్న కాలంలో, ఊళ్ళో అందరికన్నా బీద తల్లుల ఒంటి మీద ఉన్న బట్టలివి. వాటిలో పూల అచ్చులున్నాయి. తీగలు, చుక్కలు, చారలు, పిట్టలు ఉన్నాయి. చాలావరకు నార మీదో, నార కలిసిన నూలు మీదో వేసిన అచ్చులు. అంటే మన బట్టను నిషేధించినా దాని మీద మోజును నిషేధించలేకపోయారు. ఆ పూల సోకు అట్టడుగు దాకా దిగింది, ఇంగ్లండ్ అచ్చు పనివాళ్ళు దాన్నే కాపీ చేసి బతికారు. ఏ పుస్తకంలోనూ ఇంత గట్టి సాక్ష్యం నాకు కనిపించలేదు.

కొన్ని ముక్కలు చూస్తే మనసు ఆగదు. ఒక తల్లి ఎర్ర ఉన్ని గుడ్డను గుండె ఆకారంలో కత్తిరించి ఇచ్చింది. 1767లో చేరిన ఒక మగబిడ్డ కాగితానికి చిన్న అతుకుల పని ముక్క ఉంది. రకరకాల అచ్చు గుడ్డలు కలిపి కుట్టి, దాని మీద దారంతో గుండె బొమ్మ కుట్టి, సరిగ్గా గుండె మధ్యకు కత్తిరించారు. రెండో సగం తల్లి దగ్గర ఉంది. ఆమె పేరు సారా బెండర్. 1775లో వచ్చి కొడుకును తీసుకెళ్ళింది. ఇలా వెనక్కి వెళ్ళిన పిల్లలు చాలా కొద్దిమంది. 1741 నుంచి 1760 వరకు చేరిన 16,000 మందికి పైగా పిల్లల్లో 152 మంది మాత్రమే. 1756 నుంచి నాలుగేళ్ళు పార్లమెంటు డబ్బిచ్చి వచ్చినవాళ్ళందర్నీ తీసుకోమంది. దాదాపు 15,000 మంది వచ్చారు, మూడింట రెండు వంతుల మంది చనిపోయారు. బతికినవాళ్ళకు వేసింది గోధుమరంగు ఉన్ని యూనిఫారం.

ఈ ఆశ్రమమే లండన్‌లో జనం వెళ్ళి చిత్రాలు చూడగలిగిన మొదటి చోటు కావడం చాలామందికి తెలియదు. చిత్రకారుడు విలియం హోగార్త్ ఆ సంస్థ గవర్నర్లలో ఒకడు. 1740లో కోరమ్ నిలువెత్తు చిత్రం గీసి ఉచితంగా ఇచ్చాడు. దొరల చిత్రాలకుండే హంగులన్నీ పెట్టి, మధ్యలో విగ్గు లేకుండా సొంత తెల్లజుట్టుతో, మామూలు ఎర్ర కోటుతో ఉన్న ముసలి కెప్టెన్‌ను కూర్చోబెట్టాడు. ఆయన వెనకే రామ్సే, రెనాల్డ్స్, కుర్రవాడైన గెయిన్స్‌బరో కూడా చిత్రాలిచ్చారు. గొప్పవాళ్ళు ఆ చిత్రాలు చూడటానికి వచ్చి చందాలిచ్చేవాళ్ళు. అక్కడ కలిసి పనిచేసిన అలవాటే 1760లో చిత్రకారుల మొదటి ప్రదర్శనకు, 1768లో రాయల్ అకాడమీ అనే చిత్రకళా సంస్థకు దారితీసింది. అకాడమీ ప్రదర్శనకు ఒక షిల్లింగు టికెట్ పెట్టారు. రోజుకు 2 షిల్లింగుల కూలివాడు రాకుండా ఉండటానికే పెట్టారు.

అయితే ఆ కాలపు పోర్ట్రెయిట్లను బట్టల చరిత్రగా నమ్మితే మోసపోతాం. చాలామంది చిత్రకారులు ముఖం వరకు గీసి బట్టలు గీయడానికి వేరే పనివాడికి ఇచ్చేవాళ్ళు. జోసెఫ్ వాన్ ఆకెన్ అనే ఒక్కడే ఎందరో చిత్రకారులకు గౌన్లు గీసిపెట్టాడు. అందుకే వేర్వేరు ఇళ్ళ ఆడవాళ్ళు ఒకే రకం గౌనులో కనిపిస్తారు. జాషువా రెనాల్డ్స్ వాదన ఇంకోటి: ఇవాళ్టి ఫ్యాషన్ రేపు నవ్వులపాలవుతుంది, కాబట్టి గ్రీకు విగ్రహాల్లా ఏ కాలానికీ చెందని బట్ట చుట్టి గీయాలి. 1780లలో ఆయన నిలువెత్తు చిత్రానికి తీసుకున్నది 200 గినీలు, అంటే 210 పౌండ్లు, మన పనిమనిషికి దాదాపు 30 ఏళ్ళ జీతం. తమాషా ఏమిటంటే ఆయన వాడిన ఎరుపు రంగు ఆయన బతికుండగానే వెలిసిపోయి, ముఖాలు పాలిపోయాయి. చిరివేరు ఎరుపు మాత్రం 250 ఏళ్ళ నాటి దుప్పట్లలో ఇంకా అలాగే ఉంది.

గెయిన్స్‌బరో దారి వేరు. ఆయన తండ్రి ఉన్ని వర్తకుడు, శవవస్త్రాల వ్యాపారం కూడా చేసేవాడని చెబుతారు. కొడుకు బట్టను సొంతంగా, ఆ రోజు ఫ్యాషన్‌లో ఉన్నదాన్ని ఉన్నట్టే గీశాడు. మడతలో వెలుగు ఎక్కడ విరుగుతుందో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. నా ఓటు ఆయనకే. పట్టు డిజైన్లలో అంతటి కళాకారిణి ఆనా మరియా గార్త్‌వెయిట్. స్పిటల్‌ఫీల్డ్స్‌లోనే ఉంటూ నేతగాళ్ళ కోసం వందల కొద్దీ నీటిరంగు డిజైన్లు గీసింది. లేతరంగు నేల మీద విడివిడిగా వాలిన ఆమె పూలు చూస్తే నాకు కోరమాండల్ దుప్పట్లే గుర్తొస్తాయి.

అయితే బట్ట మనిషి బతుకులో ఏం చేస్తుందో చూపించింది హోగార్తే. 1732లో వచ్చిన ఆరు అచ్చు చిత్రాల వరుసలో ఊరి నుంచి లండన్ వచ్చిన అమ్మాయి వేశ్యగా మారి చనిపోతుంది. రెండో చిత్రంలో ఆమె ఇంట్లో తలపాగా పెట్టుకున్న నల్లజాతి కుర్రాడు టీ తెస్తుంటాడు. నాలుగో చిత్రంలో జైల్లో జనపనార దంచుతుంటే ఇంకా పాత వైభవపు గౌనులోనే ఉంటుంది. పక్కనే జైలరు పెళ్ళాం ఆ బట్టను వేళ్ళతో పట్టి చూస్తూ కన్ను కొడుతుంది. అది రేపు ఏ సంతకు చేరుతుందో వేరే చెప్పక్కర్లేదు. సెట్టు ధర ఒక గినీ. వెయ్యికి పైగా అమ్ముడుపోయాయి, దొంగ కాపీలు అంతకంటే ఎక్కువ. హోగార్త్ పోరాడి 1735లో చెక్కుడు చిత్రాలకు 14 ఏళ్ళ హక్కు తెచ్చుకున్నాడు. బట్టల మీది అచ్చు డిజైన్లకు హక్కు 1787లో గానీ రాలేదు, అదీ రెండు నెలలకే. ఫ్యాషన్ ఎంత వేగంగా మారిపోతోందో ఆ రెండు నెలల గడువే చెబుతుంది.

ఈలోగా రిచర్డ్ ఆర్క్‌రైట్ అనే ఇంగ్లీషు పారిశ్రామికవేత్త 1769లో నీటితో నడిచే వడుకు యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. గట్టి నూలు పడుగు యంత్రం మీదే తీయొచ్చని తేలింది. ఇక నార కలపక్కర్లేదు. పూర్తి నూలు బట్ట మీద నిషేధం ఇప్పుడు వాళ్ళకే అడ్డం. 1774లో పార్లమెంటు చట్టం మార్చింది. బ్రిటన్‌లో నేసినదైతే పూర్తి నూలు బట్ట మీద అచ్చులు వేసుకోవచ్చు, గుర్తుగా అంచులో మూడు నీలి పోగులు ఉండాలి. భారతదేశం నుంచి వచ్చే అద్దకం బట్ట మీద నిషేధం అలాగే ఉంది.

దాని రుచి మరుసటి ఏడే అప్పట్లో ఇంగ్లండ్‌లోకెల్లా పెద్ద నటుడు డేవిడ్ గారిక్‌కు తెలిసింది. కలకత్తాలో నాటకాలకు ఆయన చేసిన సాయానికి కృతజ్ఞతగా అక్కడి వర్తకులు ఆయన భార్యకు కోరమాండల్ పూల బట్ట పంపారు. థేమ్స్ ఒడ్డున హాంప్టన్‌లోని ఇంటి మంచానికి తెరలుగా కుట్టించుకున్నారు. 1775లో కస్టమ్స్ వాళ్ళు దాన్ని పట్టుకుపోయారు. తన భార్య ఏడుపు ఆపడం లేదని, ఎలాగైనా విడిపించమని గారిక్ ట్రెజరీలో తెలిసిన అధికారికి ఉత్తరం రాశాడు. పేరుమోసిన ఫర్నిచర్ తయారీదారు చిప్పెండేల్ కార్ఖానాలో ఆకుపచ్చ, తెలుపు రంగులతో చేసిన ఆ మంచం, ఆ తెరలు ఇప్పుడు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. అక్కడికి వెళ్ళే తెలుగువాళ్ళు కోహినూరు కోసం టవర్ దగ్గర క్యూ కట్టే రోజునే ఒక గంట తీసి దీన్నీ చూసి రావాలి. ప్రవేశం ఉచితం.